కూలి వేరు, ఖుషీ వేరు

గాజుల పెట్టె చూడ్డానికి చిన్నదే. దాని సంగతి ఎత్తినవాడికే తెలుస్తుంది. ఫిరోజాబాద్ నుంచి వచ్చే కార్టన్‌ను ఒక మూల పట్టుకుని లేపబోతే నేల వదలదు. లాడ్ బజార్‌లో ఒక హోల్‌సేల్ గాజుల దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తాగా నా ఉద్యోగం గడిచింది. చార్మినార్‌కు పడమట మొదలై మహబూబ్ చౌక్ దాకా పోయే ఆ బజారులో వచ్చినవాళ్లందరి కళ్లూ రాళ్లు పొదిగిన లక్క గాజుల మీదే ఉంటాయి. నా కళ్లు మాత్రం హమాలీ చిట్టా మీద ఉండేవి. ఎన్ని పెట్టెలు దిగాయి, ఎవరు మోశారు, ఎంత ఇచ్చాం, ఎంత బాకీ.

దీనివల్ల నాకు ఇంకో పని తగులుకుంది. చుట్టాల్లోనో, మా శాలిబండ వాడకట్టులోనో ఎవరు ఇల్లు మారుతున్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. "అన్నా, నలుగురు మనుషులు కావాలె, బండి కావాలె." సరే, మాట్లాడి పంపిస్తాను. సామాను దిగాక మళ్లీ ఫోన్. ఈసారి గొంతు తగ్గించి, గోడ పక్కకు జరిగి అడుగుతారు: "కూలి ఇచ్చేసినం. ఇంకా నిలబడ్డరు. పైన ఎంత ఇయ్యమంటవ్?"

పెళ్లిలో వంటవాడికి ఎంత ఇవ్వాలో, పురోహితుడికి తాంబూలంలో ఎంత పెట్టాలో మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. దసరా మామూలు ఎవరెవరికి ఇవ్వాలో తెలుసు. ఇల్లు మోసి పెట్టినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అందరం తడబడతాం. వెనకటికి ఇల్లు మారడమంటే ఎడ్లబండి, పక్కింటి కుర్రాళ్లు, సాయంత్రం అందరికీ భోజనం. ఇప్పుడు ముక్కూమొహం తెలియని మనుషులు మన పడకగదిలోకి వచ్చి, పరుపు చుట్టి, బట్టల మూటలు భుజాన వేసుకుని వెళ్తున్నారు. వాళ్లతో ఎలా మెలగాలో ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఎంత ఇవ్వాలన్న దానికి జవాబు చెప్తాను. కానీ నన్నడిగితే మర్యాద మొదలవ్వాల్సింది సామాను దిగాక కాదు, కూలి మాట్లాడేటప్పుడు.

బేరం ఆడేటప్పుడు మనవాళ్లందరూ ఒకటే మాట అంటారు: "పెద్ద సామానేం లేదు." అనుభవమున్న మేస్త్రి ఆ మాట వినిపించుకోడు. తన ప్రశ్నలు తనకుంటాయి. మెట్లెన్ని, మలుపులెన్ని? మంచం ఇప్పేదా, ఇప్పరానిదా? బియ్యం బస్తాలున్నాయా? "బుక్కులున్నయా సారూ?" ఈ చివరిదానికి చాలామంది లేవంటారు. తీరా వెళ్లి చూస్తే మంచం కింద పిల్లల ఎంసెట్ గైడ్ల దగ్గర్నుంచి తాతగారి భాగవతం దాకా అట్టపెట్టెల్లో కుక్కి ఉంటాయి. పుస్తకాల పెట్టె గాజుల పెట్టెకు ఏమాత్రం తీసిపోదు. ఒక మనిషి చేత మోయించే బరువు 55 కిలోలు మించితే దాన్ని తగ్గించే ఏర్పాటు చేయాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. పెద్ద అట్టపెట్టెలో పుస్తకాలు నిండుగా సర్ది టేపు వేసే ఇల్లాలికి ఈ సంగతి తెలియాలని లేదు. చిన్న పెట్టెలు తెచ్చుకుంటే సరిపోతుంది.

పాతబస్తీలో ఇంకో చిక్కుంది. బండి ఇంటి ముందుకు రాదు. డీసీఎం ఖిల్వత్ వైపు ఎక్కడో ఆగిపోతుంది. డీసీఎం అంటే ఆ పేరుగల కంపెనీ టయోటాతో కలిసి లారీలు అమ్మిన రోజుల నుంచీ హైదరాబాద్‌లో మధ్యరకం లారీలన్నిటికీ స్థిరపడిపోయిన పేరు. 2005లో వచ్చిన టాటా ఏస్, అదే మన చోటా హాథీ, ఇంకాస్త లోపలికి దూరుతుంది. ఆపైన తోపుడు బండి, అదీ పట్టని గల్లీలో మనిషి తల. "బాజూ, బాజూ" అని కేకేస్తూ, బురఖాల మధ్య, బేరాల మధ్య, ఎదురొచ్చే స్కూటర్ల మధ్య ఫ్రిజ్ నడిచిపోతుంటుంది. కింద మనిషి ఉన్నాడని కాళ్లు చూస్తే గానీ తెలియదు. ఆ నడక దూరం ముందే చెప్పాలి. లిఫ్టున్న అపార్ట్‌మెంటుకు మారుతున్నాం కదా, బాధ లేదనుకునేవాళ్లు ఇంకో సంగతి కనుక్కోవాలి: ఆ లిఫ్టులో సామాను పోనిస్తారా? చాలాచోట్ల అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు. నాలుగో అంతస్తుకు మెట్ల మీద మోయాలని బండి వచ్చి నిలబడ్డాక తెలిస్తే, ఆ తర్వాత ఎంత ఇనాం ఇచ్చినా అది మన తప్పుకు కట్టిన జుల్మానానే అవుతుంది.

మూసాబౌలిలో ఒక పాత ఇల్లు ఖాళీ చేయించడం గుర్తుంది. మేడ మీద గది, మోకాలెత్తు రాతి మెట్లు, నడుమ ఒక మలుపు. పైన ఉన్నది పాతకాలం గోద్రెజ్ బీరువా. ఆ కంపెనీ 1923 నుంచి ఈ ఇనుప బీరువాలు చేస్తోంది. అది ఏ దశకందో గానీ ఇప్పటి రేకులు కావు, మందపు ఇనుము. ఖాళీగా ఉన్నా క్వింటాలుకు అటూ ఇటూ. నలుగురు హమాలీల్లో పెద్దాయన ముందు బీరువా జోలికే పోలేదు. మెట్ల మీద పైకీ కిందికీ రెండుసార్లు ఉత్త చేతులతో నడిచాడు. మలుపు దగ్గర గోడకు అరచెయ్యి ఆనించి జానలు వేశాడు. తర్వాత బీరువా తలుపులు తాడుతో బిగించి, తాళం చెవి తీసి, ఇంటావిడను పిలిచి ఆమె చేతిలో పెట్టాడు. గోనెసంచి తడిపి వీపున వేసుకుని తనే కింది వైపు నిలబడ్డాడు. బరువంతా కింది మనిషి మీదే పడుతుంది. పైన ఇద్దరు తాడు పట్టి వదులుతుంటే, ఒక్కో మెట్టుకూ "ఆహిస్తా" అంటూ దిగాడు. మలుపు దగ్గర బీరువాను నిలువుగా లేపి, ఒక మూల మీద తిప్పాడు. గోడ సున్నం కూడా రాలలేదు. నాలుగో మనిషి మొదట్నుంచీ ఏమీ మోయలేదు. పెద్దాయన పాదం ఎక్కడ వెయ్యాలో చెప్తూ ముందుండి వెనక్కి నడిచాడు, అంతే.

ఆ ఇంటాయన తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ఆ నాలుగోవాడు ఏం చేసిండని?" అని అడిగాడు. ఆయనకు నాలుగోవాడి వాటా దండగనిపించింది. మోసినవాడికే కూలి అనుకుంటే ఆ మలుపు దగ్గర పెద్దాయన మోకాలు పోయేది. ముఠా పని ముఠాగా చూడాలి. ఇచ్చేది నలుగురికీ సమానంగా ఇవ్వాలి.

ఎలా ఇవ్వాలన్న దాంట్లో నాది కాస్త మొండి పద్ధతి. మొదట కూలి. మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టు, పైసా తగ్గకుండా మేస్త్రి చేతికి. లెక్క ముగిసిందని ఆయన నోటితో అనాలి. ఆ తర్వాతే ఖుషీ. హమాలీలు అలాగే అంటారు, "ఖుషీ సే జో దేనా హై దేదో", సంతోషంగా ఇచ్చేది ఇచ్చెయ్యండని. అది మేస్త్రి చేతికి కాదు, ఒక్కొక్కరి చేతికి. రెండూ కలిపి "మొత్తం ఇంత, మీరు చూసుకోండి" అంటే కూలి ఏది, ఖుషీ ఏదో తేలదు. మేస్త్రి చెడ్డవాడని కాదు. ఆయనకు బండి కిరాయి ఉంటుంది, పని తెచ్చినందుకు కమీషను ఉంటుంది, ముందు ఇచ్చిన అడ్వాన్సులు ఉంటాయి. మనం సంతోషంగా ఇచ్చింది ఆ లెక్కల్లో కలిసిపోతే మోసిన కుర్రాడికి మనం ఇచ్చామనే తెలియదు.

ఇది లాడ్ బజార్ గుమాస్తా చాదస్తం అనుకోకండి. అమెరికాలో 2018లో చట్టం సవరించి, పనివాళ్లకు వచ్చిన టిప్పులో యజమాని, మేనేజరు వాటా తీసుకోవడానికి వీల్లేదన్నారు. బ్రిటన్‌లో టిప్పుల పంపిణీ చట్టం 2023లో చేసి, 2024 అక్టోబర్ 1 నుంచి అమలు పెట్టారు. మన దగ్గర హోటళ్లలో సర్వీస్ చార్జీ బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. అన్నిచోట్లా తగవు ఒకటే: ఇచ్చినవాడు ఎవరికని ఇచ్చాడు, చేరింది ఎవరికి.

ఫోన్ పే, గూగుల్ పే వచ్చాక ఈ తంటా ఇంకా పెరిగింది. స్కాన్ చేసేది మేస్త్రి ఫోనో, డ్రైవర్ ఫోనో అవుతుంది. నలుగురిలో ఇద్దరికి బ్యాంకు ఖాతా ఊళ్లో పెళ్లాం చేతిలో ఉంటుంది, ఫోన్ నంబరు ఇంకెవరిదో. కూలి ఎలాగైనా ఇవ్వండి, ఖుషీ మాత్రం నోట్లుగా ఇవ్వండి. అదీ చిల్లరగా. ఒక 500 నోటు చూపించి "నలుగురు పంచుకోండి" అనేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఆ చిల్లర కోసం వాళ్లు పాన్ డబ్బా దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

ఇక ఎంత? రేట్ల పట్టిక ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా. నన్నడిగినవాళ్లకు నేను చెప్పే లెక్క: పూటలో అయిపోయే రెండు గదుల ఇల్లయితే మనిషికి 100కు తక్కువ వద్దు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా పడితే, మెట్లెక్కువైతే, రోహిణి కార్తె ఎండైతే 200, 300. పియానో లాంటివి మన ఇళ్లలో ఉండవు గానీ, ఇప్పరాని రోజ్‌వుడ్ పందిరి మంచం ఉంటే అది పియానో కింద లెక్క. డ్రైవర్‌ను మరవద్దు. అతను మోయలేదని వదిలేస్తారు. వెనక అద్దాల బీరువా ఉందని గుంతల దగ్గర బండిని నడిపించినంత పని చేసింది అతనే. కంపెనీ వాళ్లకు వేలకు వేలు కట్టాం కదా, మళ్లీ ఎందుకంటారు కొందరు. ప్యాకర్స్ అండ్ మూవర్స్ యూనిఫాం వేసుకున్న కుర్రాడికి ఆ వేలల్లో వచ్చేది రోజు కూలే. పేరు మారింది, వీపు అదే.

డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు చెప్తాడు, అక్కడ సామాను మోసినవాళ్లకు మనిషికి 20 నుంచి 40 డాలర్ల దాకా ఇవ్వడం అలవాటట, రోజంతా పడితే ఇంకా ఎక్కువ. జపాన్‌లో అయితే టిప్పు ఇచ్చే ఆచారం పెద్దగా లేదు. చల్లటి టీ సీసా చేతికిస్తే సంతోషిస్తారు. ఆ రెండు దేశాల పద్ధతీ మనకు సరిపడదు. మన దగ్గర డబ్బూ కావాలి, చాయ్ కూడా కావాలి.

చాయ్ అంటే గుర్తొచ్చింది. సామాను ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి ఇప్పించండి. నీళ్లు అడక్కముందే పెట్టండి. కిచెన్ మొత్తం సర్దేసి, చివరికి గ్లాసు ఒక్కటీ బయట లేక హమాలీని వీధి కుళాయి దగ్గరికి పంపే ఇళ్లు బోలెడు. ఒక బిందె, నాలుగు స్టీలు గ్లాసులు చివరి ట్రిప్పు దాకా సర్దకుండా ఉంచితే చాలు. ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి. బాగా చదువుకున్న ఇళ్లలో కూడా హమాలీలకని ప్లాస్టిక్ కప్పులు వేరే తెప్పిస్తారు. ఇంట్లోవాళ్లేమో స్టీలు గ్లాసుల్లో తాగుతుంటారు. ఊళ్లల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని తప్పుపట్టే నోళ్లే ఇవి. అందరికీ ప్లాస్టిక్ కప్పులైతే అందరికీ పెట్టండి. అలా వేరు చేసి ఇచ్చిన చాయ్ మీద ఎంత నోటు పెట్టినా అది ఖుషీ కాదు.

రంజాన్ నెలలో ఇల్లు మారేవాళ్లు ఒకసారి ఆలోచించండి. పాతబస్తీలో మోసేవాళ్లలో ఉపవాసం ఉండేవాళ్లు చాలామంది. గొంతులో గుక్కెడు నీళ్లు పోసుకోకుండా బీరువాలు దించుతారు. వాళ్లకు మధ్యాహ్నం బిర్యానీ పొట్లం ఇవ్వబోతే ఏం లాభం? పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించండి. ఖర్జూరాలు, పండ్లు కట్టి చేతికిస్తే ఇఫ్తార్‌కు పనికొస్తాయి. వాళ్ల మర్యాదా తక్కువది కాదు. దేవుడి పటాల దగ్గరికి వచ్చేసరికి, "అమ్మా, ఇవి మీరే పట్టుకోండి" అని పక్కకు జరిగే హమాలీలను ఎందర్నో చూశాను. ఆవకాయ జాడీని ఇంటావిడ ఎవరి చేతికీ ఇవ్వదని కూడా వాళ్లకు తెలుసు. అది ఆమె ఒళ్లో కూర్చుని ఆటోలో వెళ్తుంది.

ఇల్లు మారడమన్నది చెత్త తేలే సమయం. విరిగిన కుర్చీ, పాత పరుపు, చిరిగిన చీరలు. "ఇవి తీసుకుపోండి" అని హమాలీల మీదికి తోసి, ఇనాం ఇచ్చేసినట్టు చేతులు దులుపుకునేవాళ్లున్నారు. పనికొచ్చే వస్తువైతే, "కావాలా?" అని అడిగి ఇవ్వండి. వద్దంటే వద్దే. పాత మిక్సీ ఇచ్చానని నోటు తగ్గించడం బేరం అవుతుంది.

ఏదైనా పగిలితే? పగులుతుంది, అప్పుడప్పుడు. గాజుల వీధిలో బతికినవాణ్ణి, పగలడం గురించి నాకు చెప్పక్కర్లేదు. మా చిట్టాలో దానికి వేరే కాలమ్ ఉండేది. పగులుదల లెక్క మేస్త్రితో, కూలి మాట్లాడినప్పుడే ఒప్పుకున్న షరతు ప్రకారం తేల్చుకోవాలి. ఒకడి చేతిలో అద్దం జారిందని నలుగురి ఖుషీ ఎగ్గొట్టడం న్యాయం కాదు. చిత్రమేమిటంటే, అద్దం పగిలిన ఇళ్లలోనే హమాలీల పేర్లు అడిగి తెలుసుకుంటారు.

ఇదంతా మనసుతో ఇచ్చే దాని గురించి. బలవంతంగా గుంజేదాని సంగతి వేరు. సామాను లారీలో పెట్టుకుని, "చాయ్ పైసలు రెండు వేలు పెడితేనే దించుతం" అనే రవాణా వాళ్లు నగరంలో ఉన్నారు. మా బంధువులకే జరిగింది. అది ఖుషీ కాదు, బెదిరింపు. ఇవ్వక్కర్లేదు. రసీదు మీద మొత్తం రాయించుకుని, బండి నంబరు ఫొటో తీసుకుంటే సగం మంది అక్కడే తగ్గుతారు, తగ్గకపోతే పోలీసు స్టేషను ఉంది. కేరళలో ఇంకో రకం నడిచింది. సామాను మనమే దించుకున్నా, పక్కన నిలబడి చూసినందుకు హమాలీలు కూలి అడిగేవారు. నోక్కు కూలీ అని దానికో పేరు కూడా. 2018 మే 1 నుంచి ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. హమాలీల గురించి ఏది మాట్లాడినా ఆ ఉదాహరణ ముందుకు తెచ్చేవాళ్లుంటారు. అదే కేరళలో తలమోత కార్మికుల కోసం 1978లోనే ప్రత్యేక చట్టం వచ్చిందన్నది మాత్రం చెప్పరు. మహారాష్ట్రలో అంతకంటే ముందే, 1969లో, మాథాడీ హమాలీల చట్టం వచ్చింది. అక్కడ కూలి బోర్డు ద్వారా చేరుతుంది, దానిపైన వసూలు చేసే లెవీతో భవిష్య నిధి, సెలవు జీతం లాంటివి నడుస్తాయి. అలాంటి సంక్షేమ బోర్డు కావాలని మన హమాలీ సంఘాలు ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నాయి.

మన దగ్గర దానికి కొంచెం దగ్గరగా ఉన్నది పౌరసరఫరాల గోదాముల హమాలీల ఒప్పందం. క్వింటాలుకు ఇంత అన్న రేటుతో పాటు బోనస్, బట్టల కుట్టుకూలి, స్వీట్ బాక్సు డబ్బు కూడా అందులో రాసి ఉంటాయి. పండక్కి సేఠ్ దయతలచి ఇచ్చే మిఠాయి అక్కడ కాగితం మీదికెక్కి హక్కయింది. దాని కోసం సమ్మెలు చేశారు. ఇల్లు మోసే హమాలీకి అలాంటి కాగితం లేదు, ఎందుకంటే అతనికి రోజుకో సేఠ్. ఇవాళ మీరు, రేపు ఇంకొకరు. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. మొహర్రంలో పాతబస్తీలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పెళ్లికూతురి సామాను మోసే పనీ ఉండదు. ఆ నెలల్లో పాలమూరు నుంచి, బీదర్, గుల్బర్గా వైపు నుంచి వచ్చినవాళ్లు ఉస్మాన్‌గంజ్, బేగంబజార్ వైపు బస్తాల పనికి మళ్లుతారు, లేదా ఊరికి పోతారు.

అందుకే ఖుషీ ఇస్తాం కదా అని బేరంలో కూలి కోసేవాళ్ల మీద నాకు సానుభూతి లేదు. రేటు దగ్గర 500 తెగ్గోసి, చివర్లో 200 దయగా చేతిలో పెట్టి దండం పెట్టించుకోవడం పాత సేఠ్‌ల విద్య. ఆ లెక్కలు రాసినవాణ్ణి, నాకు తెలుసు. కూలి న్యాయంగా ఒప్పుకుని ఖుషీ ఇవ్వకపోయినా ఎవరికీ అన్యాయం జరగదు. కూలి కోసి ఖుషీ ఇస్తే అది వాళ్ల డబ్బే వాళ్లకు తిరిగివ్వడం.

శ్రావణంలో ఇల్లు మారబోయేవాళ్లకు నాదొక మనవి. ఖర్చుల కాగితం మీద బండి కిరాయి, కూలి రాశాక, కింద ఇంకో గీత గీసి ఖుషీ అని రాసుకోండి. మనుషులెందరో అన్ని 100 నోట్లు, డ్రైవర్‌కు ఒకటి కలిపి, ముందురోజే చిల్లర తెచ్చి చొక్కా జేబులో వేరుగా పెట్టుకోండి. పాలు పొంగించే హడావుడిలో పర్సు ఏ అట్టపెట్టెలో పడిందో ఎవరికీ గుర్తుండదు. మేస్త్రి ఫోన్ చేస్తే పుస్తకాలున్నాయని కూడా చెప్పండి.